మింగిన కణమే చచ్చిపోతుంది

అందరికీ నమస్కారం.

రాయి కోసేచోట తెల్లగా లేచే దుమ్ము మీరు చూసే ఉంటారు. కంటికి కనిపించే ఆ దుమ్ము చాలామటుకు ముక్కులోనో గొంతులోనో చిక్కుకుని తెమడతో బయటికొచ్చేస్తుంది. నా భయమంతా కనిపించని దుమ్ముతోనే, అందులో ఉండే సిలికా అనే ఖనిజంతోనే. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. 5 మైక్రాన్లకన్నా చిన్న రేణువులు నేరుగా ఊపిరితిత్తుల అట్టడుగున ఉండే గాలి గదుల దాకా దిగిపోతాయి. దుమ్మును పైకి నెట్టే నూగు అక్కడ ఉండదు. శుభ్రం చేసే భారమంతా మాక్రోఫేజ్ అనే కణం మీదే.

ఆ కణం సిలికా రేణువును చుట్టేసి మింగి, లైసోజోమ్ అనే సంచిలో వేసుకుంటుంది. బాక్టీరియా అయితే అక్కడి ఎంజైములకు కరిగిపోయేది. సిలికా కరగదు సరికదా, ఆ సంచి పొరనే దెబ్బతీస్తుంది. ఎంజైములు కణంలోకే ఒలికిపోతాయి. దాంతో ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 అనే ప్రోటీన్ మేలుకుని, ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే ప్రమాద సంకేతాన్ని బయటికి పంపిస్తుంది. ఈ దారి 2008లో వచ్చిన పరిశోధనల్లో బయటపడింది. ఆ పిలుపుకి తెల్ల రక్తకణాలు గుంపులుగా వచ్చిపడతాయి; ఇన్‌ఫ్లమేషన్ అంటే అదే. ఇంతలో మింగిన కణం చచ్చిపోతుంది. రేణువు మాత్రం చెక్కుచెదరకుండా బయటపడుతుంది. ఇంకో మాక్రోఫేజ్ వచ్చి మళ్ళీ దాన్నే మింగుతుంది.

"పని మానేసి ఏళ్ళయింది డాక్టర్ గారూ, ఇప్పుడెందుకు ముదురుతోంది?" అని సిలికోసిస్ అనే ఈ సిలికా దుమ్ము జబ్బు వచ్చినవాళ్ళు అడుగుతారు. దుమ్ము లోపలే ఉంది, ఆ మింగడం ఆగలేదు. అంతకన్నా సులువుగా ఎలా చెప్పాలో నాకు తెలియదు.

ఈ రగడ సాగినన్నాళ్ళూ టీజీఎఫ్-బీటా లాంటి సంకేతాలు గాయం మాన్పే ఫైబ్రోబ్లాస్టులనే కణాలను ఉసిగొల్పుతాయి. అవి గాయం మాన్పుతున్నామనుకుని కొల్లాజెన్ అనే పీచులాంటి ప్రోటీన్ నేస్తూనే ఉంటాయి. పొర మీద పొర చుట్టుకుని గట్టి ముడులు పడతాయి, ముడులు కలిసి గడ్డలవుతాయి. మెత్తగా సాగాల్సిన ఊపిరితిత్తి బిగుసుకుపోతుంది. ఆ మచ్చలను చెరిపేసే మందు లేదు. క్షయ సోకే ముప్పు కూడా పెరుగుతుంది.

సముద్రతీరపు ఇసుకలోనూ ఎక్కువగా సిలికాయే కదా అంటారు. అది ముతక. పైగా అప్పుడే పగిలిన రాతి దుమ్ముకి ఉన్నంత చేటు పాతబడిన దుమ్ముకి ఉండదు.

ముఖానికి గుడ్డ కట్టుకుంటే ఈ రేణువులు ఆగవు, నేత సందుల్లోంచి దూరిపోతాయి. బ్లేడు రాయిని తాకేచోటే నీళ్ళధార పడాలి. కిందికి కారిన బురదను తడి ఆరకముందే కడిగెయ్యాలి. ఎండనిచ్చి చీపురు పట్టామా, అదే దుమ్ము మళ్ళీ లేస్తుంది.