పళ్లు పుచ్చడం కాదు, అరగడం: బ్రష్, పులుపు, సోషల్ మీడియా చిట్కాలు

[తెరపై దంతాల నమూనా, పక్కన అద్దం, బ్రష్, చిన్న తూకం మెషీన్]

నమస్కారం. పుచ్చిన పన్ను గురించి అందరికీ తెలుసు కాబట్టి ఈ వీడియోలో అరుగుతున్న పళ్ల గురించి మాట్లాడుకుందాం. రెండు పూటలా బ్రష్ చేస్తారు, తీపి పెద్దగా తినరు, ఒక్క పిప్పి పన్ను కూడా ఉండదు. అయినా చల్లటి నీళ్లు తాగితే జివ్వుమంటుంది, ముందు పళ్ల అంచులు పల్చబడుతుంటాయి. వీళ్లలో చాలామందికి శ్రద్ధ బాగానే ఉంటుంది. ఆ శ్రద్ధ చూపించే వేళ, పద్ధతి మాత్రం పంటి పైనుండే గట్టి పొరకి, అంటే ఎనామెల్‌కి, ఎదురు తిరుగుతాయి.

ముందు మీ పళ్లు మీరే చూసుకోండి. పద్ధతి చూపిస్తాం.

[అద్దం ముందు, ఫోన్ టార్చ్ పక్క నుంచి]

టార్చ్ ఎదురుగా కాకుండా పక్క నుంచి వేయండి, అప్పుడే గుంటలు నీడతో సహా కనిపిస్తాయి. పై ముందు పళ్ల అంచుల దగ్గర మొదలుపెట్టండి. అంచు మరీ గాజులా, కాస్త బూడిద రంగులో, వెలుగు అవతలికి కనిపించేలా ఉంటే అక్కడ ఎనామెల్ పల్చబడి ఉండొచ్చు. తర్వాత పెదవిని పక్కకి లాగి కోరపన్ను, దాని వెనక ఉన్న రెండు పళ్లు చిగురుని కలిసే చోట గోరుతో మెల్లగా రాయండి. గోరు ఆగితే అక్కడ గాడి పడిందన్నమాట. కుడిచేతి వాటం ఉన్నవాళ్లకి ఈ గాడి తరచుగా ఎడమ వైపు ఎక్కువగా కనిపిస్తుంది, ఎందుకంటే బ్రష్ బలం అటే ఎక్కువ పడుతుంది.

ఇప్పుడు నోరు బాగా తెరిచి కింది దవడ పళ్ల పైభాగం చూడండి. నమిలే చోట చిన్న చిన్న గుంటలు, వాటి మధ్యలో పసుపు రంగు ఉంటే అది ఆమ్లం తిన్న గుర్తు. ఎప్పుడో పెట్టించుకున్న ఫిల్లింగ్ చుట్టూ ఉన్న పన్ను కంటే ఎత్తుగా నిలబడి ఉంటే ఇంకా బలమైన గుర్తు. ఫిల్లింగ్ పెరగదు కదా, చుట్టూ పన్ను కరిగిపోయింది. చివరగా కోరపళ్ల మొనలు చూడండి. మొన పోయి చదునుగా ఉండి, పైదీ కిందదీ సరిగ్గా ఒకదానిమీద ఒకటి కూర్చుంటే పళ్లు కొరుకుతున్నారేమో అని అనుమానించాలి. నాలుక అంచున పళ్ల అచ్చులు, బుగ్గ లోపల అడ్డంగా తెల్లటి గీత కూడా దవడ బిగించే అలవాటుని సూచిస్తాయి.

సరే, ఇది ఎందుకు జరుగుతుందో చూద్దాం.

ఎనామెల్ బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. అందులో ప్రాణమున్న కణాలు లేవు. ఎముక విరిగితే అతుక్కుంటుంది కానీ ఎనామెల్ పోతే మళ్లీ పుట్టదు. దవడ పళ్ల మొనల మీద మహా అయితే 2.5 మిల్లీమీటర్ల మందం ఉంటుంది, చిగురు దగ్గరికి వచ్చేసరికి పల్చబడిపోతుంది. పీహెచ్ అంటే ఆమ్లత్వపు కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ. నోటిలో అది సుమారు 5.5 కంటే కిందికి దిగితే ఎనామెల్ నుంచి ఖనిజం కరగడం మొదలవుతుంది. చిగురు జారి వేరు బయటపడిన చోట ఆ గీత ఇంకా పైనే ఉంటుంది, 6 దాటాక. అంటే వేరు ఇంకా తేలిగ్గా కరుగుతుంది. నిమ్మరసం పీహెచ్ 2 నుంచి 2.5, కోలా సుమారు 2.5. పీహెచ్‌లో ఒక్క అంకె తగ్గితే ఆమ్లత్వం పది రెట్లు పెరుగుతుందని గుర్తుపెట్టుకుంటే ఈ తేడా ఎంత పెద్దదో అర్థమవుతుంది.

పుచ్చడానికీ అరగడానికీ ఇక్కడే దారులు వేరవుతాయి. పుచ్చాలంటే చక్కెర కావాలి, పాచిలోని బ్యాక్టీరియా దాన్ని తిని ఆమ్లం తయారుచేయాలి. ఆమ్లం వల్ల అరగాలంటే బ్యాక్టీరియా అవసరమే లేదు, తాగేదాంట్లోనే ఆమ్లం ఉంటుంది. అందుకే చక్కెర లేని డైట్ కోలా పళ్లని పుచ్చనివ్వకపోవచ్చు, కరిగించడంలో మాత్రం మామూలు కోలాకి ఏమీ తీసిపోదు. ఉత్త సోడా నీళ్లు మాత్రం పెద్ద ప్రమాదం కాదు, దాని పీహెచ్ 5 దగ్గర ఉంటుంది. అందులో నిమ్మ, నారింజ ఫ్లేవర్ కలిపారంటే లెక్క మారుతుంది.

దీన్ని సరిచేసేది లాలాజలం. ఆమ్లాన్ని కడిగేస్తుంది, క్యాల్షియం, ఫాస్ఫేట్ తెచ్చి మెత్తబడ్డ పొరలో మళ్లీ నింపుతుంది. కానీ దానికి సమయం కావాలి. తీపి తిన్న కొద్ది నిమిషాల్లోనే పాచిలో పీహెచ్ పడిపోతుంది, మళ్లీ మామూలు స్థాయికి రావడానికి అరగంట నుంచి గంట పడుతుంది. ఈలోగా ఇంకో గుక్క తాగితే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. ఎంత తాగారన్నదానికంటే ఎన్నిసార్లు తాగారన్నది అందుకే ముఖ్యం. స్వీడన్‌లో 1945లో మొదలైన వైపెహోమ్ ప్రయోగాల్లో ఇది స్పష్టంగా బయటపడింది. భోజనంతో తిన్న చక్కెర కంటే భోజనాల మధ్య తిన్న, పళ్లకి అంటుకునే టాఫీలు చాలా ఎక్కువ పళ్లని పుచ్చిపోయేలా చేశాయి. మానసిక వైకల్యం ఉన్నవాళ్ల మీద, వాళ్ల సమ్మతి లేకుండా చేసిన ప్రయోగాలవి. అలా చేయడం తప్పు, ఆ మాట చెప్పకుండా ఈ ఫలితం చెప్పడం మాకు ఇష్టం లేదు.

ఇప్పుడు ఆరోగ్యం కోసమని పొద్దున్నే తాగే నిమ్మకాయ నీళ్ల సంగతి. మానేయమని చెప్పడం లేదు. సీసాలో పోసుకుని మూడు గంటలు చప్పరించొద్దు, అంతే. ఐదు నిమిషాల్లో తాగేయండి. నోట్లో తిప్పకండి. స్ట్రా వాడితే దాని కొస ముందు పళ్ల వెనక్కి, నాలుక మీదకి వచ్చేలా పెట్టుకోండి. పెదవుల దగ్గరే ఉంటే స్ట్రా వాడి లాభం లేదు. తాగాక మామూలు నీళ్లతో పుక్కిలించండి. వెంటనే బ్రష్ మాత్రం చేయొద్దు, మెత్తబడిన పైపొర పేస్టు రాపిడికి లేచిపోతుంది. కనీసం అరగంట ఆగాలి. నిజానికి అరగంటలో ఆ పొర పూర్తిగా గట్టిపడదు. కాబట్టి లేవగానే ముందు బ్రష్ చేసి, తర్వాత నిమ్మకాయ నీళ్లు తాగడమే మంచిది. యాపిల్ సైడర్ వెనిగర్‌కీ ఇవే నియమాలు. నీళ్లు కలిపినంత మాత్రాన దాని ఆమ్లత్వం మీరనుకున్నంత తగ్గదు.

వాంతి అయినప్పుడు, పుల్లటి తేన్పులతో కడుపులోని ఆమ్లం పైకి వచ్చినప్పుడు కూడా చాలామంది వెంటనే బ్రష్ అందుకుంటారు. ఆగండి. గ్లాసు నీళ్లలో ఒక టీస్పూను వంటసోడా కలిపి పుక్కిలించి ఉమ్మేయండి. బరువు తగ్గడానికి ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న జీఎల్‌పీ-1 ఇంజెక్షన్లకి వికారం, వాంతులు తెలిసిన దుష్ప్రభావాలే. అవి తీసుకుంటున్నవాళ్లు ఈ ఒక్క జాగ్రత్త తప్పకుండా పాటించండి. పై ముందు పళ్ల లోపలి వైపు, అంటే నాలుక వైపు, మొదట దెబ్బతినేది అక్కడే.

[బ్రష్, నమూనా దగ్గరగా]

బ్రషింగ్‌కి వద్దాం. సాఫ్ట్ అని రాసి ఉన్న బ్రష్ తీసుకోండి. పిడికిలి బిగించి పట్టుకోకండి, పెన్ను పట్టుకున్నట్టు వేళ్లతో పట్టుకోండి, బలం దానంతటదే తగ్గుతుంది. కుచ్చుని చిగురు వైపు 45 డిగ్రీలు వంచి, సగం పన్ను మీద, సగం చిగురు అంచు మీద ఆనించండి. రెండు మూడు పళ్ల మేర అక్కడక్కడే చిన్నగా కదిలించి, తర్వాత పక్కకి జరగండి. నోటిని నాలుగు భాగాలు చేసుకుని భాగానికి 30 సెకన్లు, మొత్తం రెండు నిమిషాలు. ముందు పళ్ల లోపలి వైపు బ్రష్‌ని నిలువుగా తిప్పి దాని ముందు కొసతో చేయాలి.

[తూకం మెషీన్ మీద బ్రష్ నొక్కుతూ]

ఎంత బలం పెట్టాలో ఇలా తెలుసుకోవచ్చు. వంటింటి తూకం మీద కుచ్చుని ఆనించి, మీరు రోజూ నొక్కినంతే నొక్కండి. 150 నుంచి 200 గ్రాములు చాలు. 400 దాటితే చిగుళ్లు జారడానికి మీ చేయి కూడా కారణం కావచ్చు. బ్రష్ మామూలుగా మూడు నాలుగు నెలలు వస్తుంది. నెల తిరక్కుండానే కుచ్చు పక్కలకి విచ్చుకుంటే అదీ అదే మాట చెబుతోంది.

ఉత్త కుచ్చు ఎనామెల్‌ని పెద్దగా అరగదీయదు. అరగదీసేది పేస్టులోని రాపిడి పొడి, దాన్ని రుద్దే సాధనం మాత్రమే కుచ్చు. పేస్టు రాపిడిని ఆర్‌డీఏ అనే కొలతతో చెబుతారు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం అది 250 దాటకూడదు. చాలా పేస్టుల మీద ఈ అంకె ముద్రించరు కాబట్టి పళ్లు జివ్వుమనేవాళ్లు వైటెనింగ్ అని రాసినవాటికి దూరంగా ఉండటమే తేలిక. వంటసోడాతో పళ్లు అరిగిపోతాయని చాలామంది భయపడతారు గానీ దాని రాపిడి పేస్టులన్నిటిలోకీ బాగా తక్కువే. దానిలో ఫ్లోరైడ్ లేదు, లోపం అది. బొగ్గు పొడి సంగతి వేరు. బొగ్గు పేస్టులు సురక్షితమని గానీ, బాగా పనిచేస్తాయని గానీ చెప్పడానికి తగిన ఆధారాలు లేవని 2017లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన సమీక్ష తేల్చింది. పైన మరకలు గీకేసి తెల్లగా కనిపించేలా చేస్తుంది, నిజమే. దాంతోపాటు ఎనామెల్ పల్చబడితే కింద ఉన్న డెంటిన్ అనే లోపలి పొర బయటికి కనిపిస్తుంది. డెంటిన్ రంగే పసుపు. తెలుపు కోసం రుద్దేకొద్దీ పన్ను పచ్చబడుతుంది.

పేస్టు కొనేటప్పుడు వెనక చూడాల్సింది ఫ్లోరైడ్ అంకె. 1000 నుంచి 1500 పీపీఎం (పది లక్షల్లో అన్ని భాగాలు) ఉండాలి. పీపీఎం రాయకపోతే సోడియం ఫ్లోరైడ్ 0.32 శాతం అంటే సుమారు 1450 పీపీఎం అని లెక్క. మూడేళ్లలోపు పిల్లలకి బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకి బఠాణీ గింజంత పేస్టు వేయండి. బ్రష్ అయ్యాక నురుగు ఉమ్మేయండి, నీళ్లతో పుక్కిలించకండి. పుక్కిలిస్తే పళ్ల మీద ఉండాల్సిన ఫ్లోరైడ్ సింకులోకి పోతుంది. మొదట్లో నోరు జిడ్డుగా అనిపిస్తుంది, కొన్నాళ్లకి అలవాటవుతుంది. నిద్రలో లాలాజలం దాదాపు ఆగిపోతుంది కాబట్టి రాత్రి బ్రష్ పొద్దుటి దానికంటే ముఖ్యం. ఆ తర్వాత నీళ్లు తప్ప ఏదీ వద్దు.

ఇక సోషల్ మీడియాలో తిరుగుతున్నవి. గోళ్లు రాసుకునే ఆకురాయితో పళ్ల అంచులు సమంగా చేసుకోవడం వద్దు, ఒకసారి గీకిన ఎనామెల్ ఇక పోయినట్టే. పళ్ల సందు మూయడానికి రబ్బరు బ్యాండు వేసుకోవడం అంతకంటే ప్రమాదం. పన్ను వేరు కొస వైపు వెళ్లేకొద్దీ సన్నబడుతుంది. బ్యాండు ఆ వాలు వెంట జారి చిగురు లోపలికి పోతుంది, బయటికి కనిపించదు, చుట్టూ ఉన్న ఎముకని నాశనం చేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పళ్లు ఊడిపోయిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. చిరునవ్వు మార్పు పేరుతో మంచి పళ్లని మొలకల్లా అరగదీసి క్రౌన్లు, అంటే పన్నంతటినీ కప్పే తొడుగులు, తొడగడమూ ఇప్పుడు ఎక్కువైంది. వెనీర్‌కి, అంటే పన్ను ముందు అంటించే పల్చటి పలకకి, పన్ను ముందు వైపు సాధారణంగా మిల్లీమీటరులోపే తీస్తారు, క్రౌన్‌కి పన్ను పైభాగంలో సగానికి పైగా పోవచ్చు. వెనీర్ అని చెప్పి క్రౌన్ వేస్తున్నారా అన్నది సంతకం పెట్టే ముందు అడగాల్సిన ప్రశ్న. పెరాక్సైడ్‌తో తెల్లబరచడం సరైన పర్యవేక్షణలో చేస్తే ఫర్వాలేదు. ముందు పిప్పి పళ్లు, పగుళ్లు ఉన్నాయేమో చూపించుకోవాలి. ఫిల్లింగులు, క్రౌన్లు మాత్రం తెల్లబడవు, పక్క పళ్లు తెల్లబడ్డాక అవి తేలిపోతాయి.

పళ్లు కొరకడం గురించి ఒక్క మాట. 2021లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ సర్వేలో 70 శాతం పైగా డెంటిస్టులు ఈ సమస్య పెరిగిందని చెప్పారు. పగటిపూట పై పళ్లు, కింది పళ్లు నమిలేటప్పుడు, మింగేటప్పుడు తప్ప తగలకూడదు. పెదవులు కలిసి ఉండాలి, పళ్లు విడిగా ఉండాలి. కంప్యూటర్ తెర మూలన ఒక చుక్క స్టిక్కర్ అంటించి, అది కంటపడినప్పుడల్లా దవడ వదులు చేయండి. రాత్రిపూట కొరుకుతుంటే డెంటిస్ట్ అచ్చు తీసి చేసే నైట్ గార్డ్, అంటే పళ్ల మీద తొడుగు, పెట్టుకోవాలి. గురక, పగలు నిద్రమత్తు కూడా ఉంటే నిద్రలో ఊపిరి ఆగే సమస్య ఉందేమో పరీక్ష చేయించుకోండి. అలాంటివాళ్లు నోటికి టేపు వేసుకుని పడుకోవడం ప్రమాదకరం.

జివ్వుమనడం ఇప్పటికే మొదలైతే 5 శాతం పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు రోజుకు రెండుసార్లు వాడండి. రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, మూడు రోజులకే పనిచేయలేదని మార్చేయకండి. చల్లదనం తగిలి తీశాక కూడా నొప్పి అర నిమిషానికి మించి ఉంటే, కొరికి వదిలినప్పుడు ఒకే పన్ను చురుక్కుమంటే, పేస్టుతో ఆగకండి. మొదటిది లోపలి నరం వాచిందని, రెండోది పన్ను పగిలిందని చెప్పే గుర్తు కావచ్చు. ఆ వారంలోనే డెంటిస్ట్‌కి చూపించండి. ఏ పన్ను, ఏది తగిలితే, ఎంతసేపు నొప్పి ఉందో రాసుకుని వెళ్తే పరీక్ష చాలా తేలికవుతుంది.