నాయనమ్మ చీటీలో ఒక చిన్న మాట

(గ్రంథాలయంలో విద్యార్థులకు నిఘంటువులు పంచిన సభలో ఒక విశ్రాంత ఆంగ్ల ఉపాధ్యాయుడి ప్రసంగం)

సభాధ్యక్షులకు, దాతలకు, ఉపాధ్యాయ మిత్రులకు, కొత్త నిఘంటువులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న పిల్లలకు నమస్కారం. నిఘంటువు వల్ల కలిగే ప్రయోజనాలు చెప్పమన్నారు. నేను ఒక్క మాట గురించే చెబుతాను. ఇంగ్లీషులో దానికి మూడే అక్షరాలు. సెట్.

నేను ఏడో తరగతిలో ఉండగా మా నాయనమ్మ బావిగట్టు మీద జారిపడింది. ముంజేతి ఎముక విరిగింది. పట్నం ఆసుపత్రిలో పిండికట్టు వేశారు. మూడు వారాలకు మళ్లీ చూపిస్తే ఒక చీటీ రాసిచ్చారు. ఇంట్లో ఇంగ్లీషు అక్షరాలు తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. ఎముక ఇంకా సెట్ కాలేదని అందులో ఉంది. సెట్ అంటే అమర్చు అని బడిలో పదిసార్లు రాయించారు. నేను గట్టిగా చదివాను: "ఎముకను ఇంకా అమర్చలేదట."

"అమర్చకుండానే కట్టు కట్టారా!" అన్నారు మా నాన్న. మర్నాడే పక్క ఊళ్లో కట్లు కట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన పిండికట్టు కోసేసి, సగం అతికిన ఎముకను లాగారు. ఆ కేక నాకు ఇప్పటికీ వినబడుతుంది. చీటీలో ఉన్నది ఎముక ఇంకా అతుక్కోలేదు అని. ఆ సంగతి నాకు కాలేజీలో చేరాక తెలిసింది. అప్పటికి నాయనమ్మ చెయ్యి వంకరగానే ఉండిపోయింది.

అర్థాల సంఖ్య కూడా చెప్పాలి. ఆక్స్‌ఫర్డ్ బృహన్నిఘంటువు రెండో కూర్పు 1989లో 20 సంపుటాలుగా వచ్చింది. అందులో అన్నిటికన్నా పొడవైన వివరణ సెట్‌దే: సుమారు 430 అర్థాలు, 60,000 మాటలు. తర్వాతి సవరణల్లో ఆ స్థానం రన్ అనే క్రియకు వెళ్లింది. దానికి 645 అర్థాలు లెక్కపెట్టారు. అదీ మూడక్షరాలదే! పొడవాటి మాటకు అర్థం ఒకటో రెండో ఉంటాయి, పిల్లవాడు బట్టీ పట్టేస్తాడు. పిల్లవాణ్ని బోల్తా కొట్టించేవి ఈ చిన్నవే.

సిట్ అంటే కూర్చోవడం. సెట్ దానికి ప్రేరణార్థక రూపం, అంటే కూర్చోబెట్టడం. మన వ్యాకరణం చదివిన వాళ్లకు ఇది వెంటనే తెలుస్తుంది. ఉంగరంలో రాయిని కూర్చోబెడితే పొదగడం. కూర్చున్నది కదలదు కదా, సిమెంటు గట్టిపడినా సెట్టే, ఎముక అతుక్కున్నా సెట్టే. ఉచ్చు పన్నడం, గడియారం సరిచేయడం, ప్రశ్నపత్రం తయారుచేయడం, పొద్దు కుంకడం, అన్నీ అదే మాట. గిన్నెల సెట్టు అన్నప్పటి సెట్టుకు మాత్రం లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చిన వేరే చుట్టరికం ఉంది. దాన్ని వదిలేస్తాను, నాకు నాయనమ్మ చెయ్యి ముఖ్యం.

పిల్లలూ, మీకు పెట్టు అనే మాట తెలుసు. అన్నం పెట్టడం, పేరు పెట్టడం, ఊరగాయ పెట్టడం, కోడి గుడ్డు పెట్టడం, వాత పెట్టడం, పరుగు పెట్టడం. ఎవరు నేర్పారు ఇవన్నీ? పెట్టు అంటే ఉంచు అని ఏ తల్లీ బిడ్డ చేత వల్లె వేయించలేదు. అన్నంతో కలిపి అన్నం పెట్టడం వినిపించింది, పేరుతో కలిపి పేరు పెట్టడం వినిపించింది. అంతే.

ఉపాధ్యాయ మిత్రులారా, మిమ్మల్నే అడుగుతున్నాను. ఈ వారం మీరు రాయించిన పదాల పట్టికలో గీతకు ఇటు ఒక మాట, అటు ఒక మాటేనా? నేనూ ఉద్యోగంలో చేరిన మొదటి నాలుగేళ్లు అలాగే రాయించాను. నాయనమ్మ చెయ్యి రోజూ కళ్లముందు కనిపిస్తున్నా అలాగే రాయించాను. ఆ పిల్లలు ఎవరింట్లో ఏ చీటీ చదివారో నాకు తెలియదు. దయచేసి ఆ గీత కొట్టేయండి. మాట పక్కన వాక్యం రాయించండి. నాలుగు వాక్యాలు రాయించండి. వాక్యం లేకుండా మాట ఇవ్వకండి, మీకు చేతులెత్తి నమస్కరిస్తాను.

ఇంకా చెప్పాలని రాసుకొచ్చాను కానీ, వద్దు. ఆ చీటీ నా జేబులో ఉంది, సిరా ఇంకా కనబడుతోంది. ముందు వరుసలో ఉన్న చిట్టితల్లీ, నీ నిఘంటువు తీసుకుని ఇలా పైకి రా అమ్మా. సెట్ ఉన్న పేజీ తియ్యి. తొందర లేదు, కిందిదాకా చదువు. తర్వాత ఈ చీటీ చూసి, మా నాయనమ్మకు చెబుతున్నట్టు తెలుగులో చెప్పు.