ఏ టన్ను అది? వియత్నాం చిప్స్, ఆగ్నేయాసియా లెక్క

తమ్ముడు: నమస్తే. ఇవాళ కాగితం గుజ్జుకి వాడే వియత్నాం కర్ర చిప్స్‌ని, అంటే చిన్న ముక్కలుగా కొట్టిన కర్రని, మొత్తం ఆగ్నేయాసియా పక్కన పెట్టి చూద్దామని. 2023లో వియత్నాం ఎగుమతి దాదాపు 1.44 కోట్ల టన్నులు, విలువ 220 కోట్ల డాలర్ల దాకా...

అక్క: ఏ టన్ను?

తమ్ముడు: వచ్చేసింది, కర్ర ఎండబెట్టే నీ ఓవెన్ లెక్క.

అక్క: రాకపోతే ఎలా రా? చిప్స్ చేసేది అకేషియా చెట్టుతో, అప్పుడే కొట్టిన దాంట్లో సగం నీళ్లే. నూరు టన్నుల పచ్చి చిప్స్ ఎండితే యాభై. ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర పెట్టి, బరువు ఇక తగ్గదు అనేదాకా ఉంచాలి. మిగిలిందే బోన్ డ్రై టన్ను, అంటే పూర్తిగా ఎండిన టన్ను. ఓడకి లోడయ్యే చిప్స్ ధర దాని మీదే కడతారు.

తమ్ముడు: నమూనా బెల్టు మీద నుంచే కదా తీసేది?

అక్క: లోడింగ్ సాగినంతసేపూ తీస్తూనే ఉండాలి. తీసిన వెంటనే గాలి చొరని సంచిలో కట్టెయ్యాలి. ల్యాబ్‌కి వెళ్లేలోపు ఆరిందనుకో, తేమ తక్కువ చూపిస్తుంది, ఎండు టన్నులు ఎక్కువ పడతాయి. కొన్నవాడికి నష్టం. ఇంకా కొన్ని ఒప్పందాల్లో బోన్ డ్రై యూనిట్ ఉంటుంది. 2400 పౌండ్లు, అంటే 1.0886 టన్నులు. దాన్ని టన్ను అని చదివేస్తే తొమ్మిది శాతం దగ్గర తేడా.

తమ్ముడు: సరే అక్కా, కానీ ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్‌ఏఓ పట్టికలో అన్నీ ఘనమీటర్లే. దేశాల్ని పోల్చాలంటే అదే దిక్కు.

అక్క: అక్కడే మోసపోతాం. సాంద్రత 0.5, అంటే ఘనమీటరుకి అర టన్ను ఎండు కర్ర ఉంటే ఎండు టన్నుకి రెండు ఘనమీటర్ల కర్ర. లేత చెట్టు, 0.42 అనుకో, 2.4 దాకా వెళ్తుంది. అది కూడా గట్టి కర్ర కొలత. చిప్స్‌గా కొట్టి లారీలో పోస్తే దానికి రెండున్నర రెట్లకి పైనే చోటు పడుతుంది. లారీ తొట్టి కొలిచి రాసేవాళ్ల లెక్క ఇంకోలా ఉంటుంది.

తమ్ముడు: అయితే ఇండొనేషియా మాటేంటి? సుమత్రాలో అంత కర్ర ఉంది.

అక్క: ఉంది, కానీ ఎఫ్‌ఏఓ పట్టికలో చిప్స్ గడిలో కనబడదు. సుమత్రాలోని రియావ్‌లో పల్ప్ మిల్లు యార్డులోనే దుంగ కొడతారు. ఆ కర్ర పల్ప్‌వుడ్ దుంగల కింద రాస్తారు. అడవిలోనే చిప్పర్, అంటే చిప్స్ కొట్టే యంత్రం, పెట్టి కొట్టినా అంతే. వియత్నాంలో అంత పల్ప్ మిల్లులు లేవు, అందుకే చిప్స్ డుంగ్ క్వాట్, క్వీ న్యోన్ లాంటి రేవుల నుంచి చైనాకి, జపాన్‌కి వెళ్తాయి. ఆ ఎగుమతి చూసి ప్రాంతమంతటికీ చిప్స్ కొట్టేది వియత్నాం ఒక్కటే అనుకోవడం తప్పు.

తమ్ముడు: ఇది ఒప్పుకుంటా. కానీ ఎగుమతిలో వియత్నాం ముందుందన్నది నిజమే కదా.

అక్క: నిజమే. ఎవరి చెమటతో? చిన్న కమతాల రైతులు అయిదేళ్లకే అకేషియా కొట్టేస్తున్నారు. పదేళ్లు ఆపితే సామిల్లు దుంగ అవుతుంది, ధర బాగా ఎక్కువ. ఆపాలంటే మధ్యలో తుఫాను రాకూడదు. 2024 సెప్టెంబరులో యాగీ వచ్చినప్పుడు ఉత్తరాన క్వాంగ్ నిన్ తోటలు ఎలా విరిగాయో తెలుసు కదా. ధర పడితే దెబ్బ కూడా వాళ్లకే. 2022లో సగటున టన్నుకి 175 డాలర్ల చిల్లర, మరుసటి ఏడు 155 లోపు.

తమ్ముడు: మన జామాయిల్ రైతుకీ అదే బాధ. కొట్టిన కర్ర లారీ కోసం పొలంలో పడి ఉంటే రోజూ తూకం తగ్గుతుంది.

అక్క: అందుకే అడుగుతున్నా, ఏ టన్ను అని! పచ్చి తూకం మీద కొనేచోట ఆరిన నీళ్లు రైతు జేబులోంచి పోతాయి.

తమ్ముడు: ...చిప్పర్ కత్తుల సంగతి ఒక్క ముక్కలో చెప్పేయ్. మళ్లీ ఆ ఎపిసోడ్ చెయ్యొద్దు.

అక్క: ఒక్క ముక్కే. కత్తి మొద్దుబారితే పొట్టు పెరుగుతుంది, అది చిప్స్ ఉడికించే డైజెస్టర్‌లో ద్రావకం తిరగకుండా అడ్డుపడుతుంది. మందం ఎనిమిది మిల్లీమీటర్లు దాటితే లోపల ఉడకదు. చెట్టు కొట్టిన కొద్దిరోజుల్లోనే బెరడు ఒలవాలి, ఎండితే కర్రని అంటిపెట్టుకుని ఊడి రాదు.

తమ్ముడు: థాయ్‌లాండ్ రబ్బరు కర్ర, యూకలిప్టస్ మిగిలాయి. సుమత్రా, మలేషియాలోని సబాల్లో సెరటోసిస్టిస్ అనే శిలీంధ్రపు తెగులుకి అకేషియా మాంజియం పోయి యూకలిప్టస్ పెల్లిటా వచ్చింది, అదీ...

అక్క: పెల్లిటా సాంద్రత వేరు రా. మళ్లీ ఘనమీటరు లెక్క మారుతుంది.

తమ్ముడు: టైమయింది అక్కా.