అన్నం మానక్కర్లేదు, పక్కన ఏముందో చూడండి

[తెర మీద: పఖాళ (నీళ్ళలో నానబెట్టిన అన్నం) గిన్నె, బంగాళాదుంప వేపుడు, వేయించిన అప్పడాలు]

నమస్కారమండీ. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ... ఒడిశాలోని మన తెలుగిళ్ళలో ఎండాకాలం మధ్యాహ్నం చాలాచోట్ల కనిపించే భోజనం ఇదే. ఇది చూడగానే అన్నం మానేయమని సలహా ఇచ్చేస్తారు. నేను మాత్రం ఆ మాట అనను. ఇక్కడ చిక్కు అన్నంతో కాదు, దాని పక్కన పెట్టుకున్నవాటితో.

లెక్కేద్దాం రండి. 150 గ్రాముల బియ్యం వండుకుంటే అందులో పిండిపదార్థం 115 గ్రాముల దాకా ఉంటుంది, ప్రోటీన్ 12 గ్రాములే. నంజుకోవడానికి పెట్టుకున్న బంగాళాదుంప కూడా మళ్ళీ పిండిపదార్థమే కదా! అప్పడం మినప్పిండిదే అయినా ఒకటి రెండిటితో వచ్చే ప్రోటీన్ ఎంత, పైగా వేయిస్తే బోలెడు నూనె పీలుస్తుంది. మన బరంపురం అప్పడం నిప్పుల మీద కాల్చుకున్నా రుచిగానే ఉంటుంది, నన్నడిగితే అలాగే బాగుంటుంది. కొవ్వు గ్రాముకి 9 కేలరీలు, పిండిపదార్థం, ప్రోటీన్ అయితే 4 చొప్పునే. అందుకే నూనె దగ్గర చెయ్యి కాస్త బిగబట్టాలి, అలాగని పూర్తిగా మానకూడదు, ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టాలంటే కొవ్వు ఉండాల్సిందే.

[తెర మీద: 60 కిలోల మనిషి – రోజుకి సుమారు 50 గ్రాముల ప్రోటీన్]

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ప్రకారం పెద్దవాళ్ళకి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. 2024లో వాళ్ళిచ్చిన 2000 కేలరీల నమూనాలో ధాన్యం 250 గ్రాములు, పప్పులు గానీ గుడ్డు, చేప, మాంసం గానీ 85 గ్రాములు, కూరగాయలు 400, నూనె 27, అన్నీ పచ్చివిగా తూచిన లెక్క. పాలు, పెరుగు 300 మిల్లీలీటర్లు. ధాన్యం నుంచి వచ్చే శక్తి 45 శాతం దాటకూడదంటారు, మనలో చాలామంది అక్కడే దాటేస్తున్నాం.

మరి ఏం చేయాలి? ఒక గరిటెడు అన్నం తగ్గించి ఆ చోట డాల్మా, అంటే కూరగాయలు వేసి వండిన పప్పు వేసుకోండి. కందిపప్పు, అరటికాయ, గుమ్మడికాయ, బొప్పాయికాయ అన్నీ ఒకే గిన్నెలో ఉడుకుతాయి, కూరగాయల లెక్కలో కొంత కూడా దాంతోనే తీరుతుంది. పైగా బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ అనే అమైనో ఆమ్లం (ప్రోటీన్‌ని కట్టే ఇటుక లాంటిది) పప్పులో బాగా దొరుకుతుంది, పప్పులో తక్కువైన మెథియోనిన్ అనే మరో అమైనో ఆమ్లం బియ్యం నుంచి వస్తుంది, కాబట్టి రెండూ కలిపి తినడమే మేలు. రాత్రి నానబెట్టిన ఉలవలు పొద్దున్నే గుగ్గిళ్ళు చేసుకోవచ్చు, ఎండు ఉలవల్లో 100 గ్రాములకి 20 గ్రాముల పైనే ప్రోటీన్ ఉంటుంది. గుడ్డుకి 6 గ్రాములు. ఎండు నెత్తళ్ళు కూడా మంచివే, బీపీ ఉన్నవాళ్ళు మాత్రం ఉప్పు పోయేలా బాగా కడిగి, కొంచెమే తినాలి.

చోడి (రాగి) అంబలి తాగుతున్నాం కదా, ప్రోటీన్ సరిపోతుందిలే అనుకునేవాళ్ళున్నారు. చోళ్ళలో కాల్షియం, పీచు ఎక్కువ, తప్పకుండా తాగండి. ప్రోటీన్ మాత్రం దాదాపు బియ్యంలో ఉన్నంతే, 100 గ్రాములకి 7 గ్రాముల దగ్గర. అంబలి తాగినా పప్పు కావాల్సిందే.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు ప్రోటీన్ పెంచే ముందు డాక్టర్ని అడగండి, వాళ్ళ లెక్క వేరు. షుగర్ మందులు వాడేవాళ్ళు కూడా అన్నం ఒక్కసారిగా తగ్గించేయకండి, మందు మోతాదు మార్చాలేమో ముందే కనుక్కోండి.