పళ్లెంలో నీళ్లు, గంగాళంలో నీళ్లు: ఫోన్-ఇన్ కార్యక్రమం

సమర్పకుడు: ఈ వారం మన అతిథి శిలాజ శాస్త్రం బోధించే ఆచార్యులు. మొదటి ఫోను భీమిలి నుంచి. చెప్పండి సార్.

శ్రోత: నమస్కారమండీ. నేను రోజూ ఎర్రమట్టి దిబ్బల వైపు నడకకు వెళ్తాను. సముద్రం వెనక్కి పోయినప్పుడు బయటపడిన ఇసుకను గాలి మోసుకొచ్చి వాటిని కట్టిందని చదివాను. అంత నీరు తగ్గితే నత్తలు, ఆల్చిప్పలు, పగడాలు ఏమైపోయాయి?

ఆచార్యులు: నమస్కారమండీ. విచిత్రం ఏమిటంటే, పెద్దగా ఏమీ కాలేదు. సుమారు 20,000 ఏళ్ల కిందట ఎంతో నీరు ఖండాల మీద మంచుగా పేరుకుని, సముద్రమట్టం ఇప్పటికంటే 120 మీటర్ల దాకా దిగింది. అయినా ప్రపంచం మొత్తం మీద నత్తగుల్ల జాతులు చాలావరకు బతికి బయటపడ్డాయి. 44.5 కోట్ల ఏళ్ల కిందట, ఆర్డోవిసియన్ యుగం చివర కూడా మంచు పెరిగి సముద్రం దిగింది. అప్పుడు మాత్రం సముద్రజీవుల్లో నూటికి 85 జాతులు పోయాయని అంచనా. ఆల్చిప్పల్లా రెండు చిప్పలుండే బ్రాకియోపాడ్లు, కణుపుల ఒళ్లూ గట్టి పెంకూ ఉన్న ట్రైలోబైట్లు బాగా దెబ్బతిన్నాయి.

శ్రోత: రెండుసార్లూ నీరు తగ్గింది కదండీ, మరి ఎందుకంత తేడా?

ఆచార్యులు: మీ వంటింట్లో పళ్లెం, గంగాళం ఉంటాయి కదా. రెండింట్లోంచీ రెండు వేళ్ల లోతు నీళ్లు తీసేయండి. పళ్లెం ఎండిపోతుంది, గంగాళానికి చీమ కుట్టినట్టయినా ఉండదు. ఆర్డోవిసియన్‌లో ఖండాల మీదే లోతులేని సముద్రాలు వందల కిలోమీటర్లు పరుచుకుని ఉండేవి. అవి పళ్లేలు. 20,000 ఏళ్ల కిందటి మంచుయుగం నాటికి అలాంటివి దాదాపు లేవు. పైగా సముద్రం మధ్య కొండలా లేచిన దీవులున్నాయి చూడండి, అక్కడ నీరు దిగితే తీరం కిందికి జారుతుందే తప్ప మాయం కాదు. కొండ కిందికి పోయేకొద్దీ వెడల్పే కదా! అయితే ఆర్డోవిసియన్ నేరమంతా నీటిమట్టం మీదే వేయకండి. చలి ఉంది, ఆ తర్వాత నీటిలో ప్రాణవాయువు తగ్గడమూ ఉంది.

సమర్పకుడు: తర్వాతి ఫోను విశాఖపట్నం నుంచి, భూగర్భ శాస్త్ర విద్యార్థి.

విద్యార్థి: మేడమ్, ప్రాజెక్టు కోసం తమిళనాడులోని అరియలూరు వెళ్లొచ్చాం. కారై దగ్గర బంకమట్టి పొరల్లో అమ్మోనైట్లు, అంటే చుట్ట తిరిగిన గుల్లల్లో బతికిన పాతకాలపు సముద్రజీవుల శిలాజాలు, బోలెడు. బాగా పైన ఉన్న కల్లమేడు పొరల్లో ఒక్కటీ లేదు. సముద్రం తగ్గడంతో అవి అంతరించాయని రాశాను. మా గైడు ఒప్పుకోవడం లేదు.

ఆచార్యులు: మీ గైడుదే సరి, బాబూ. కల్లమేడు పొరలు ఎవరు పేర్చారు?

విద్యార్థి: నది, మేడమ్. డైనోసార్ ఎముకలు దొరికాయి.

ఆచార్యులు: నది ఒండ్రులో అమ్మోనైట్‌ను వెతుకుతారా? బడికి సెలవిచ్చిన రోజు హాజరు పట్టీ చూసి పిల్లలందరూ చదువు మానేశారని రాసినట్టుంది. సముద్రం వెనక్కి పోతే జీవుల ఇల్లూ పోతుంది, వాటిని శిలాజాలుగా దాచి ఆ ఇంటి లెక్కలు రాసే బురదా పోతుంది. మనకు ఖాళీగా కనబడేది రెండింటిలో ఏదో తేల్చకుండా కలం పెట్టకూడదు. ఈ చిక్కులో నాకంటే పెద్దవాళ్లూ పడ్డారు.

విద్యార్థి: ఇప్పుడు ఏం చేయమంటారు?

ఆచార్యులు: బంకమట్టిని బంకమట్టితోనే, సున్నపురాయిని సున్నపురాయితోనే పోల్చండి. ప్రతి పొర నుంచీ ఒకే పరిమాణంలో నమూనా తీసుకోండి. ఒకచోట గంప నిండా, ఇంకోచోట గుప్పెడు తెచ్చి జాతులు లెక్కపెడితే గంపే గెలుస్తుంది. అసలైన సాక్షి కల్లమేడు పైన ఉంది. నినియూరు పొరలు చూశారా?

విద్యార్థి: ఎండ ఎక్కువైందని వెనక్కి వచ్చేశాం.

ఆచార్యులు: అయ్యో! అక్కడ సముద్రం తిరిగి వచ్చింది. అమ్మోనైట్ల దూరపు చుట్టాలు, నాటిలస్ జాతివి, అందులో దొరికాయి. అమ్మోనైట్లు మాత్రం రాలేదు. నీరు వచ్చినా అవి రాలేదంటేనే నిజంగా పోయాయన్నమాట. దానికి ముఖ్య కారణం 6.6 కోట్ల ఏళ్ల కిందట మెక్సికో దగ్గర పడిన గ్రహశకలం. కల్లమేడు వాక్యం కొట్టేసి, మళ్లీ వెళ్లండి. ఈసారి టోపీ పెట్టుకుని తెల్లవారుజామునే బయలుదేరండి.