మొదటి పాట కోయకండి

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఫిల్మ్ క్లబ్ మిత్రులకు నమస్కారం. పేరుపేరునా చెప్పడం మర్యాదే. కానీ వేదిక మీద పేర్లు మొదలైతే సినిమాకు ఏ గతి పడుతుందో నేను కళ్లారా చూసినవాణ్ణి. అసలు ఆ సంగతి చెప్పుకోవడానికే ఇవాళ ఒప్పుకున్నాను.

ముందు సినిమా. పేరు 'వల్కోయినెన్ పెయురా', అంటే తెల్ల రెయిన్‌డీర్, మంచు దేశాల్లో పెంచే దుప్పి లాంటి జంతువు. హెల్సింకీలో ఒలింపిక్స్ జరిగిన 1952లోనే ఫిన్లాండ్‌లో విడుదలైంది. దర్శకుడు ఎరిక్ బ్లూంబెర్గ్, కెమెరా కూడా ఆయనే. 1953లో ఫ్రాన్స్‌లోని కాన్ చిత్రోత్సవంలో ఫ్రెంచ్ కవి, దర్శకుడు జ్యాన్ కాక్తో అధ్యక్షుడిగా ఉన్న జ్యూరీ దీనికి బహుమతి ఇచ్చింది. 1957లో గోల్డెన్ గ్లోబ్ కూడా వచ్చింది. ఇదంతా మీ చేతిలోని కరపత్రంలో ఉంది. లేనిది ఒకటుంది. నాయిక మిర్యామి కువోస్మనెన్ పేరు కింద 'నటి' అని వేసి వదిలేశారు. ఈ సినిమా కథ రాసిన ఇద్దరిలో ఆమె ఒకరు. బ్లూంబెర్గ్ భార్య కూడా. ఇద్దరూ కలిసి రాసిన కథను 'బ్లూంబెర్గ్ సినిమా' అని ఊరుకుంటున్నాం. కార్యదర్శి గారూ, వచ్చేసారి సరిచేయండి. 1963లోనే ఆమె పోయారు, యాభై కూడా నిండలేదు. రచయితగా తన పేరు వేయలేదేమని అడగడానికి ఆమె రాలేరు కదా, అందుకని నేను అడుగుతున్నాను.

ఇప్పుడు నా బాధ వినండి. కొన్నేళ్ల కిందట వేరే ఊళ్లో, వేరే సంస్థవాళ్లు, పేరెందుకు లెండి, ఇదే సినిమా వేశారు. ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చారు. వచ్చాక శాలువా, జ్ఞాపిక, ఫొటోలు. తర్వాత ఆయన ప్రపంచ సినిమా మొత్తం మీద మాట్లాడారు. హాలు ఖాళీ చేయాల్సిన టైం దగ్గరపడింది. ఏం కోశారనుకున్నారు? సన్మానం కాదు, టీ కాదు. సినిమా మొదలు కోశారు! ల్యాప్‌టాప్ దగ్గర కూర్చున్న కుర్రాడు "మొదట్లో ఏదో పాటే కదా సార్, డైలాగులు కూడా లేవు" అని ముందుకు జరిపేశాడు. వాణ్ణి ఏమనను? చెప్పింది పెద్దవాళ్లే.

అయ్యా, ఆ పాటలోనే ఉంది ఊరి రహస్యమంతా. మంచులో నిండు గర్భిణి ఒక్కతే నడిచి వస్తుంది. ఎవరి గుడారమో దొరుకుతుంది. అక్కడ బిడ్డను కని కన్నుమూస్తుంది. వెనకాల ఆడగొంతు పాడుతూ ఉంటుంది. ఆ పసిబిడ్డకు ముందు ముందు ఏం కాబోతోందో పాటే చెప్పేస్తుంది. పుట్టుకతోనే మంత్రగత్తె, ఆ సంగతి తనకు తెలియదు. ఆ బిడ్డే పిరిత. మనకు తెలుసు, పాటకు తెలుసు, తెలియనిది ఆమెకొక్కదానికే.

పిరిత పెద్దదవుతుంది. మంచు మీద రెయిన్‌డీర్ బండ్ల పందెంలో అస్లాక్‌ను ఎలా కవ్విస్తుందో చూడండి, సినిమాలో అంత హుషారైన ఘట్టం మళ్లీ లేదు. పెళ్లవుతుంది. అస్లాక్ రెయిన్‌డీర్ల కాపరి. మందతో కొండలెక్కి వెళ్లాడంటే ఎప్పుడొస్తాడో తెలియదు. మధ్యలో ఒకసారి తెల్ల రెయిన్‌డీర్ పిల్లను తెచ్చి కానుకగా ఇస్తాడు. ఆమెకు కావలసింది ఆ పిల్ల కాదు, మొగుడు. మనలో గల్ఫ్‌కు మనిషిని పంపిన ఇళ్లవాళ్లు ఉన్నారు, వాళ్లకు నేను వివరించక్కర్లేదు.

ఆమె చాల్కు నిల్లా అనే మంత్రగాడి దగ్గరికి వెళ్తుంది. అతను మందు కలిపి ఒక షరతు పెడతాడు. ఇంటిదారిలో మొదట ఎదురైన ప్రాణిని రాతి దేవుడికి బలివ్వాలి. ఎదురొచ్చేది ఆ తెల్ల పిల్లే. ఇక్కడ మంత్రగాడి మొహం గమనించండి. తాను ఇస్తున్న శక్తి కన్నా ఆమెలో ఉన్న శక్తి పెద్దదని తెలిసి అతనే హడలిపోతాడు. అప్పటినుంచి ఆమె తెల్ల రెయిన్‌డీర్‌గా మారుతుంది. మగవాళ్లు ఆశపడి వెంటపడతారు. లోయలోకి దిగాక అది ఆడమనిషి అవుతుంది, కోరలు కనిపిస్తాయి.

మొదలు కోసిన ఆ రోజు, సినిమా అయ్యాక చర్చలో ఒక పెద్దాయన లేచి, "మొగుడు ఊళ్లో లేనప్పుడు ఆడది గడప దాటితే ఇంతే" అన్నారు. చప్పట్లు కొట్టారండీ! ఆయన చూసిన సినిమాలో అది నిజమే మరి. పాట లేకపోతే మిగిలేది అంతే, హద్దు దాటింది, దెయ్యమైంది. పాట ఉంటే కథ వేరు. తల్లి చచ్చిపోయిన పసిగుడ్డుకు పుట్టకముందే పడిన శిక్ష అది. నేను లేచి ఈ మాట చెప్పబోయేసరికి మైకు వందన సమర్పణకు వెళ్లిపోయింది.

స్లిప్పు వచ్చింది. 'ఐదు నిమిషాలు.' సరే. సినిమా గంటా పది నిమిషాలు కూడా ఉండదు, కంగారు పడకండి.

కెమెరా సంగతి ఒక్కమాట. దెయ్యం సినిమా అంటే చీకటి, కిర్రుమనే తలుపు అనుకుంటాం. ఇందులో భయం పట్టపగలు ఉంటుంది. కనుచూపు మేర తెల్లదనం, దాక్కోవడానికి చెట్టు కూడా లేదు. నిజంగా ఫిన్లాండ్ ఉత్తరాన ఉన్న లాప్లాండ్‌కు వెళ్లి తీశారు కాబట్టి ఆ మందలు, ఆ గాలి అన్నీ అసలువే.

మనుషులే అసలువాళ్లు కారు. ఈ సినిమా మీద నాకున్న ప్రేమతోనే ఈ ఫిర్యాదూ చేస్తున్నాను. ఇది సామీలనే ఉత్తర యూరప్ ఆదివాసుల ఊరి కథ. ముఖ్య పాత్రలు వేసింది ఫిన్నిష్ నటులు, మాట్లాడేది ఫిన్నిష్. సామీల మంత్రగాడు, డప్పు, రాతి దేవుడు తెర మీదికి వచ్చారు గానీ, ఆ డప్పుకు పట్టిన గతి రాలేదు. పదిహేడో శతాబ్దంలో క్రైస్తవ మతాధికారులు సామీల డప్పులు లాక్కున్నారు, తగలబెట్టారు. నార్వేలో ఆండర్స్ పౌల్సెన్ అనే ముసలాయన డప్పును 1691లో పట్టుకుని మంత్రవిద్య కేసు పెట్టారు. తీర్పు రాకముందే ఆయన నిర్బంధంలో హత్యకు గురయ్యాడు. డప్పు డెన్మార్క్ రాజుగారి సేకరణలో చేరింది. దాని మీద హక్కు సామీలకు తిరిగి దక్కింది ఎప్పుడో తెలుసా? 2022లో. దెయ్యం కథ చూసి భయపడదామని వచ్చారు కదా, దీనికీ కాస్త భయపడండి.

ఇంకో స్లిప్పు. ఐపోయింది బాబూ, దిగుతున్నా.

చివర్లో ఊరి మగవాళ్లు ఇనుప ఈటెలు చేయించుకుంటారు. ఎవరి చేతిలోని ఈటె ఎవరికి తగులుతుందో నేను చెప్పను. సినిమా అయ్యాక చర్చకు నా ప్రశ్న ఇప్పుడే ఇచ్చేస్తున్నాను. ఆ పసిబిడ్డను గుడారంలోంచి ఎత్తుకుని పెంచినవాళ్లు ఎవరో ఒకరు ఆ ఊళ్లోనే ఉండాలి కదా. ఈటెలు తయారవుతున్నప్పుడు వాళ్లెందుకు నోరు విప్పలేదు? ఆ పెద్దాయనకు ఇవ్వని జవాబు ఇవాళ మీరివ్వండి. లైట్లు తీసేయండి, వెనక తలుపు వేయండి. కంప్యూటర్ దగ్గరున్న అమ్మాయీ, మొదటి నుంచి పెట్టమ్మా. సున్నా నుంచి.