సాయం చాలదు, పని చేతులు మారాలి

అందరికీ నమస్కారం.

"నేనూ ఇంటిపనిలో సాయం చేస్తూనే ఉన్నాను కదా, ఇంకా ఎందుకంత అలసట?" చాలామంది భర్తలు నిజాయితీగానే అడిగే ప్రశ్న ఇది. చిక్కంతా ఆ 'సాయం' అన్న మాటలోనే ఉంది. సాయం చేసేవారి చేతిలో పని ఉంటుంది, పూచీ ఉండదు.

పిల్లాడికి టీకా వేయించడమే తీసుకోండి. ఆస్పత్రికి తీసుకెళ్లి తీసుకొచ్చింది తండ్రి. గడువు దగ్గరపడిందని గుర్తుంచుకున్నది, ఏ రోజు కుదురుతుందో చూసింది, కార్డు వెతికి సంచిలో పెట్టింది, జ్వరమొస్తే వేయాల్సిన మందు ఇంట్లో ఉందో లేదో చూసుకున్నది తల్లి. రాత్రి రెండింటికి లేచి ఒంటి మీద చెయ్యి వేసి చూసిందీ ఆమే. లెక్క చెప్పేటప్పుడు మాత్రం టీకా నాన్న ఖాతాలో పడుతుంది.

2019లో ఆలిసన్ డామింగర్ అనే సామాజిక శాస్త్రవేత్త 35 జంటలతో మాట్లాడి ఈ కనపడని పనిని నాలుగు ముక్కలుగా చూపించారు: అవసరాన్ని ముందే పసిగట్టడం, దారులు వెతకడం, నిర్ణయించడం, జరిగిందో లేదో కనిపెట్టుకుని ఉండటం. మొదటిదీ చివరిదీ ఎక్కువగా ఆడవాళ్ల మీద పడుతున్నాయి, నిర్ణయం దగ్గరికొచ్చేసరికి ఇద్దరూ కూర్చుంటున్నారు. పెద్దరికం ఉన్న ముక్కకు పంచుకునేవాళ్లు దొరుకుతారన్నమాట! ఇక చేతులతో చేసే పని సంగతి: జీతం లేని సంరక్షణ పనిలో గంటల లెక్కన 76.2 శాతం ఆడవాళ్లదేనని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో చెప్పింది. తలలో తిరిగే పని ఇలాంటి లెక్కలకు సరిగ్గా చిక్కదు.

ఇది ఏళ్ల తరబడి సాగితే ఏమవుతుంది? బెల్జియం పరిశోధకులు ఇజబెల్ రోస్కామ్, మొయిరా మికొలాయ్‌చాక్ దీన్ని తల్లిదండ్రుల బర్న్‌అవుట్‌గా వర్ణించారు. నిద్ర లేస్తూనే ఒంట్లో శక్తి లేకపోవడం, 'నేను ఇలాంటి తల్లిని కాదే' అనిపించడం, ఈ పాత్రంటేనే విసుగు పుట్టడం, చివరికి పిల్లలకు మనసులో దూరం కావడం. స్నానం, తిండి, చదువు అన్నీ జరుగుతుంటాయి, ముద్దు మాత్రం రాదు. సిగ్గుతో ఎవరికీ చెప్పనిది ఈ చివరిదే. రెండు రోజులు ఎక్కడికైనా వెళ్లిరమ్మంటే ఇది తగ్గదు. వెళ్లేముందు జాగ్రత్తలన్నీ రాసిపెట్టాలి, వచ్చాక పేరుకున్నది తీర్చాలి.

మరి ఏం చేయాలి? ఒక వారం పాటు కాగితం మీద ప్రతి పనికీ రెండు పేర్లు రాయండి: ఎవరు చేశారు, ఎవరికి గుర్తొచ్చింది. అప్పటికప్పుడే రాయాలి. గుర్తుపెట్టుకున్న సంగతి సాయంత్రానికి మరుపున పడుతుంది. వారం తర్వాత రెండో పేరు వరస చూస్తే చాలు, వాదన అక్కర్లేదు.

తర్వాత రెండు మూడు పనులు, అంతకు మించకుండా, నాలుగు ముక్కలతో సహా అప్పగించండి. పిల్లల బట్టలంటే ఉతకడం ఒక్కటే కాదు: పొట్టివైనవి కనిపెట్టడం, కొనడం, పాతవి తీసేయడం కూడా. ఎప్పుడో ఏడాదికోసారి వచ్చే మరమ్మతు ఇస్తే లాభం లేదు. రోజూ ఒక వేళకు తెమలాల్సిన పని ఒకటైనా ఉండాలి, మనిషిని గడియారానికి కట్టేసేవి అవే. బడిలో, ఆస్పత్రిలో మొదటి ఫోన్ నంబరు మార్పించడం మరవకండి. నంబరు ఆమెదే ఉంటే పని తిరిగి ఆమె దగ్గరికే వస్తుంది.

చెడేది ఇక్కడే. మొదటి వారాల్లో ఆయన మరచిపోతాడు. ఆమె చూడలేక చప్పుడు చేయకుండా చేసేస్తుంది, పని వెనక్కి వచ్చేసినట్టే. లేదా మడత సరిగ్గా లేదంటుంది, "అయితే నువ్వే చేసుకో" అని ఆయన వదిలేస్తాడు. అందుకే 'ఇంతవరకు ఉంటే చాలు' అన్న గీత ముందే ఇద్దరూ కలిసి గీసుకోవాలి, నెలపాటు తనిఖీ మానాలి. "అదెక్కడుంది?" అని పదే పదే అడగడమూ అప్పగింత కాదు, వెతుక్కోవాలి. మందులు, మోతాదుల విషయంలో మాత్రం తప్పు చేసి నేర్చుకోమనకూడదు, రాసి గోడకు అంటించాలి.

భర్త కలిసిరాకపోతే, లేదా ఒంటరి తల్లయితే, అదే కాగితంలోంచి కొన్ని పనులు కొట్టేయడమే మిగిలిన దారి. బిడ్డకు తట్టుకునే శక్తి పెరిగేకొద్దీ తల్లి కొద్దికొద్దిగా వెనక్కి తగ్గడం సహజమేనని పిల్లల వైద్యుడు డొనాల్డ్ వినికాట్ 1953లోనే రాశారు. 'సరిపడా మంచి తల్లి' అన్న మాట ఆయనదే.

అయితే పని పంపకంతో నయం కానిది ఒకటుంది: కాన్పు తర్వాత వచ్చే కుంగుబాటు (డిప్రెషన్). కాన్పయ్యాక మొదటి రోజుల్లో ఏడుపు రావడం మామూలే. రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. ఈ కుంగుబాటును పసిగట్టడానికి 1987 నుంచి వాడుకలో ఉన్న ఎడిన్‌బరో ప్రశ్నావళిలో గడిచిన ఏడు రోజుల గురించి 10 ప్రశ్నలుంటాయి. మొత్తం 30కి 13 లేదా అంతకు మించి వస్తే వైద్యులు లోతుగా పరీక్షిస్తారు. అది వ్యాధి నిర్ధారణ కాదు, జల్లెడ మాత్రమే. పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి. దానికి 'ఎప్పుడూ లేదు' కాక ఇంకే జవాబిచ్చినా, మొత్తం ఎంతొచ్చిందో చూడకుండా ఆ రోజే డాక్టరుతో మాట్లాడాలి. ఆ కాగితం ఆమె చేతే నింపించండి. అప్పుడు భర్తగానీ అత్తగానీ తల్లిగానీ పక్కన ఉండకూడదు, ఉంటే జవాబులు మారిపోతాయి.